కొండ మీద కాఫీ ఆరబెట్టే ముందు

చిన్నోడా,

ఈ ఏడాది నుంచి తోట నువ్వే చూసుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఈ వారం పాడేరు వైపు చలి పెరుగుతుందని, కొండల్లో ఒకటి రెండు చోట్ల జల్లులు పడొచ్చని వార్తల్లో చెప్తున్నారు కదా. కాఫీ కోతల కాలంలో ఈ మాట తరచూ వింటావు. ఒకటి రెండు చోట్లేగా, మనకేం కాదులే అనుకోవద్దు. వాతావరణ శాఖ లెక్కలో దానర్థం, వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి తడవవని. ఎంత వాన పడుతుందో ఆ మాట చెప్పదు. పక్క ఊళ్లో ఎండ కాస్తుంటే మన కళ్లం మీద కుండపోతగా కురవొచ్చు.

టీవీలో విశాఖ ఉష్ణోగ్రత చూసి చలిని అంచనా వెయ్యకు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారుగా 6 డిగ్రీలు తగ్గుతుంది. ఆకాశం తేటగా ఉన్న రాత్రి నేల వేడంతా పైకి పోయి పల్లంలో చలి ఇంకా పట్టేస్తుంది. మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు.

ఇక అసలు సంగతి, పార్చిమెంట్ ఆరబెట్టడం. అదే, పండు తొక్క తీశాక పైపొరతో ఉండే గింజ. పొద్దున్నే కంగారుపడి బరకం తియ్యకు. మంచు విడిచి, కళ్లం మీద తడి ఆరాక తీసి పలచగా పరిచి, గంటకోసారి తిరగెయ్యి. ఎండకు కొండవాలు వేడెక్కి, సముద్రం మీద నుంచి వచ్చే తేమగాలి పైకి లేచాకే మబ్బు కడుతుంది. అందుకే జల్లు ఎక్కువగా మధ్యాహ్నం దాటాక వస్తుంది. భోజనానికి వెళ్లేటప్పుడు కళ్లం దగ్గర ఒక మనిషి ఉండాల్సిందే. కొండ నెత్తిన మబ్బు నల్లబడితే చినుకు కోసం చూడకుండా గింజలు కుప్ప చేసి కప్పెయ్యి. వాన లేకపోయినా పొద్దు వాలకముందే కప్పాలి, లేదంటే మంచు తాగేస్తాయి. బరకం గింజలకు ఆనకుండా కింద కర్రలు పెట్టు. లోపల చెమ్మ పట్టి కారితే పైన వాన ఆపి లాభం లేదు. సగం ఆరిన గింజ మళ్లీ తడిస్తే బూజు వాసన పట్టుకుంటుంది, ఎన్ని ఎండలు పెట్టినా పోదు. తేమ 10 శాతానికి దిగాలి. తేమ కొలిచే మీటరు లేకపోతే గింజను పంటితో కొరికి చూడు. పన్ను దిగితే ఇంకా ఆరబెట్టాలి.

సోమవారం పళ్లు కోయిద్దామంటున్నావట. మేఘదూత్ యాప్‌లో మంగళ, శుక్రవారాల్లో రైతులకు సలహాలు పెడతారు. శుక్రవారం అది చూశాకే కూలీలకు మాటివ్వు. పండు చెట్టు మీద ఒకటి రెండు రోజులు ఆగుతుంది, కోశాక ఆగదు. ఆ రోజే పల్పింగ్, అంటే తొక్క తీసే పని, అయిపోవాలి. 'కొన్ని చోట్ల' అని చెప్తే సగం కేంద్రాల దాకా తడవొచ్చని లెక్క, అప్పుడు కోత వాయిదా వెయ్యి. 'ఒకటి రెండు చోట్ల' అంటే కొయ్యి, కానీ కళ్లానికి పట్టేంతే కోయించు.

ఉరుము వినిపిస్తే మాత్రం గింజల సంగతి వదిలెయ్యి. సిల్వర్ ఓక్ చెట్ల కింద ఎవర్నీ నిలబడనివ్వకు, కూలీలందర్నీ ఇంట్లోకి రమ్మను. ఫోన్లో దామిని యాప్ వేసుకో, దగ్గర్లో పిడుగులు పడే సూచన ఉంటే చెప్తుంది.

మా అటక మీద రెండు బరకాలు ఉన్నాయి, చిరుగులు లేవు. ఆదివారం ఆటోలో పంపిస్తాను, మెయిన్ రోడ్డు దగ్గర దింపించుకో.

మీ పెదనాన్న