అల్లుడికి, బుల్లెట్ క్లచ్చు సంగతి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ బుల్లెట్‌కు ఎత్తు హ్యాండిల్ వేసి, క్లచ్ వైరు తీసేసి, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ క్లచ్చు నీ చేత్తో నువ్వే బిగించబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమె గొంతులో కంగారు. నాకు ముందు గర్వం కలిగింది. మన ఇంట్లో నా తరువాత పానా పట్టే వాడు ఒకడున్నాడని సంతోషించాను. కానీ పడుకున్నాక కడప నుంచి రాయచోటి వెళ్లే దారిలోని గువ్వలచెరువు ఘాటు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

చిన్న సంగతులు ముందు చెప్పేస్తాను. లివరు కొనే ముందు హ్యాండిల్ పైపు వ్యాసం కొలువు: 22 మిల్లీమీటర్లా, 25.4 మిల్లీమీటర్లా? హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూసి ఆయిల్ పైపు పొడవు తేల్చుకో. రాగి వాషర్లు ఎప్పుడూ కొత్తవే వెయ్యి. ఆయిల్ పైపును సిలిండర్‌కు బిగించే బంజో బోల్టుల్లో పది మిల్లీమీటర్లవే అయినా మర చుట్ల మధ్య దూరం 1 మి.మీ. ఉన్నవీ, 1.25 మి.మీ. ఉన్నవీ దొరుకుతాయి. మొదటి చుట్లు వేళ్లతో తిరగకపోతే పానా జోలికి పోకు, సిలిండర్ పాడవుతుంది. హ్యాండిల్ ఎత్తయినప్పుడు గాలి పైనున్న బంజో దగ్గర చేరి కదలదు. కింద ఇంజిను దగ్గర క్లచ్చును నొక్కే స్లేవ్ సిలిండర్‌కు గాలి తీయడానికి ఉన్న నిపుల్ నుంచి సిరంజితో ఆయిల్‌ను పైకి తోస్తే గాలి సులువుగా బయటికి వస్తుంది.

ఆయిల్ దగ్గర మాత్రం కాస్త ఆగు. ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 4 (ఒక రకం బ్రేకు ఆయిల్) అని ఉంటే అదే పొయ్యాలి, మినరల్ ఆయిల్ అని ఉంటే అదే. మార్చి పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. డాట్ 4 పడిన చోట పెయింటు లేచిపోతుంది, ట్యాంకు మీద గుడ్డ కప్పు. కళ్లకు అద్దాలు పెట్టుకో. నిర్లక్ష్యం చేశావో, అక్కడికే వచ్చి చెవి మెలిపెడతాను.

లివరు దగ్గరుండి ఆయిల్‌ను తోసేది మాస్టర్ సిలిండర్. చూడ్డానికి బాగుందని పెద్దది కొనకు. 12 మి.మీ. పిస్టన్ స్థానంలో 14 మి.మీ. వేస్తే వైశాల్యం మూడో వంతుకు పైగా పెరుగుతుంది. లివరు ఆ మేరకు బరువెక్కుతుంది. పట్టణం రద్దీలో నీ ఎడమ చెయ్యి పట్టేస్తుంది.

ఇక అసలు విషయం. చాలా ఏళ్ల కిందట మా షెడ్డులో ఒక కుర్రవాడు పనిచేసేవాడు. వాడంత నేర్పున్న చేతులు నేను మళ్లీ చూడలేదు. ఒక పెద్ద బండికి వాడే హ్యాండిల్ మార్చి క్లచ్చు బిగించాడు. లివరు కొంచెం కూడా వదులుగా ఉండకూడదని లివరు నుంచి పిస్టన్‌ను నెట్టే కడ్డీని, అంటే పుష్‌రాడ్‌ను బాగా ముందుకు తిప్పేశాడు. మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ ముందు సూది మొనంత రంధ్రం ఉంటుంది. లివరు వదిలేసినప్పుడు పైపులోని ఆయిల్ దాని గుండానే పై డబ్బాలోకి వెళ్తుంది. వాడు బిగించిన బిగింపుకు పిస్టన్ పూర్తిగా వెనక్కి రాలేదు, రంధ్రం మూసుకుపోయింది. పొద్దున కడపలో బండి ముత్యంలా నడిచింది. మధ్యాహ్నం, మే నెల ఎండలో రాయచోటి వైపు ఘాటెక్కాం. నేను వాడి వెనకే మరో బండి మీద ఉన్నాను. ఇంజిను వేడికి ఆయిల్ వ్యాకోచించింది. వెనక్కి వెళ్లే దారి లేక క్లచ్చును తనంతట తానే నొక్కడం మొదలుపెట్టింది. ఇంజిను అరుస్తోంది, బండి కదలడం లేదు, ప్లేట్లు మాడిన వాసన. సరిగ్గా మలుపులో బండి ఆగి వెనక్కి జారింది. పై నుంచి దిగుతున్న లారీ డ్రైవరు బ్రేకు తొక్కబట్టి వాడు బతికాడు. ఆ బంపరుకూ వాడి మోకాలికీ మధ్య నా అరచెయ్యి పట్టేంత ఖాళీ. నిపుల్ వదులు చేయగానే ఆయిల్ చివ్వున చిమ్మింది, క్లచ్చు మళ్లీ పట్టుకుంది. కిందికి దిగాక పాలకోవా కొని ఇస్తే, వాడి చేతులు వణికి పొట్లం జారిపోయింది.

అందుకే అల్లుడూ, లివరు చివర ఒకటి రెండు మిల్లీమీటర్ల వదులు ఉండి తీరాలి. స్విచ్‌ల పెట్టె లివరుకు అడ్డం పడి దాన్ని వెనక్కి రానివ్వకుండా ఆపుతోందేమో చూడు, కొత్త హ్యాండిల్స్‌తో తరచూ వచ్చే చిక్కు అది. మూత తీసి లివరును మెల్లగా నొక్కు. మొదట్లోనే ఆయిల్ మీద చిన్న అల లేవాలి, అంటే రంధ్రం తెరిచే ఉంది. మూతిదాకా ఆయిల్ నింపకు: ప్లేట్లు అరిగే కొద్దీ క్లచ్చు డబ్బాలో మట్టం పెరుగుతుంది, బ్రేకు డబ్బాలో అయితే తగ్గుతుంది. ఇది తెలియక పోసేవాళ్లే ఎక్కువ.

మరొకటి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ బండి తయారీదారు ఇచ్చిన రూపును మార్చడాన్ని అడ్డుకుంటుంది. హ్యాండిల్ వేసే ముందు రవాణా కార్యాలయంలోనూ, బీమా వాళ్లనూ అడుగు. ప్రమాదం జరిగాక అడిగితే లాభం లేదు.

స్నేహితులతో హార్స్‌లీ హిల్స్‌కు వెళ్తావట. అదీ ఘాటే. దానికి ముందు పులివెందుల మీదుగా ఒకసారి కడప రా, ఎండ ముదిరాకే బయలుదేరు. వేడి మీద లివరును నేను పట్టి చూడాలి. మీ అమ్మకు నేను నచ్చచెబుతాను. నీ పానాలు నువ్వే తెచ్చుకో, నావి ఎవరికీ ఇవ్వను.

మీ మామయ్య