జిగురు ఆరేలోపు ఇంకో పని: మీ ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్తే అండి. నాకు కాగితం పనులంటే ప్రాణం, ఇప్పుడు ఒకేసారి నాలుగు పెట్టుకున్నా. ఆడపడుచు కూతురి పెళ్ళికి గెస్ట్ బుక్, పక్కింటి పాపకి క్విల్లింగ్ (సన్నటి కాగితం పట్టీలు చుట్టి చేసే బొమ్మల) ఫ్రేమ్, కొన్ని మార్బ్లింగ్ పేపర్లు (చిక్కటి నీళ్ళ మీద రంగులు తేల్చి కాగితానికి ఎక్కించేవి), ఇంకా మావయ్య గారి పాత పద్యాల పుస్తకం, దాని అట్ట ఊడిపోయింది. డైనింగ్ టేబుల్ నిండా ఇవే, ఏదీ పూర్తవ్వట్లేదు. ఒకటయ్యాక ఇంకోటి మొదలుపెట్టొచ్చు కదా అంటున్నారు అత్తయ్య. అలాగే చెయ్యాలా?
— ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: అక్కర్లేదండి. బైండింగ్‌లో మన చేతి పని కంటే ఆరడానికి పట్టే టైమే ఎక్కువ, అట్టకి కాగితం అంటించాక బరువు కింద కనీసం ఒక రాత్రి ఉంచాలి, వానాకాలంలో గోదావరి పక్కన ఇంకా ఎక్కువే పడుతుంది, అంతసేపూ చేతులు కట్టుకుని కూర్చోలేం కదా. కాబట్టి నాలుగు పనులు ఉండటం తప్పు కాదు, కానీ టేబుల్ మీద తడి పని మాత్రం ఎప్పుడూ ఒకటే ఉండాలి. మిగతావి ఒక్కోటి ఒక్కో ట్రేలో పెట్టి, తర్వాత చెయ్యాల్సిందేంటో చీటీ రాసి పైన పెట్టెయ్యండి.

పెళ్ళికి తేదీ ఉంది కాబట్టి ముందు గెస్ట్ బుక్. దానికి కాప్టిక్ కుట్టు, అంటే మడిచిన కాగితాల కట్టల్ని గొలుసులా దారంతో కలిపే పద్ధతి, బాగుంటుంది, వీపుకి (పేజీలు కలిసే కుట్టు వైపు అంచుకి) జిగురు అక్కర్లేదు, పుస్తకం పూర్తిగా పరుచుకుంటుంది కాబట్టి వచ్చినవాళ్ళు నిలబడే రాసేస్తారు. నాలుగు షీట్లు కలిపి మధ్యకి మడిస్తే ఒక ఫారం, 16 పేజీలు. అట్టలకి రాత్రి కాగితం అంటించి బరువు పెట్టి పడుకోండి, రెండు వైపులా అంటించాలి సుమా, తడికి సాగిన కాగితం ఆరేటప్పుడు ముడుచుకుంటూ అట్టని లాగేస్తుంది, ఒక్క వైపే అంటిస్తే అటే వంగిపోతుంది. అవి ఆరేలోపు ఫారాలు మడిచి దబ్బనంతో కన్నాలు పెట్టుకోవచ్చు. కుడుతుంటే ఎవరైనా పిలిస్తే ఫారం మధ్యలో వదిలెయ్యకండి, ఆ ఫారం చివరి కన్నం దాకా వచ్చి దారం బిగించి, తెంచకుండా క్లిప్ పెట్టి ఆపండి, మళ్ళీ కూర్చున్నప్పుడు దారం వదులవ్వకుండా అక్కడి నుంచే సాగుతుంది.

క్విల్లింగ్ చుక్క జిగురు పని, నిమిషాల్లో ఆరిపోతుంది, మధ్య మధ్య ఖాళీల్లో చేసుకోవచ్చు. మార్బ్లింగ్ అలా కాదు, దానికో రోజు మొత్తం ఇచ్చెయ్యాలి. క్యారజీనన్ (నీళ్ళని చిక్కబరిచే సముద్రపు నాచు పొడి) నీళ్ళు ముందు రాత్రే కలిపి నిలవ ఉంచాలి, పేపర్లకి పటిక నీళ్ళు రాసి ఆరబెట్టుకోవాలి, పటిక రాసిన పేపర్ వారాల తరబడి దాచకండి, ఆమ్లం కాగితాన్ని పెళుసు చేస్తుంది. ఆ రోజు టేబుల్ మీద ఇంకేమీ వద్దు, కుట్టిన ఫారాల మీద రంగు చుక్క పడితే మళ్ళీ పోదు.

ఇక మావయ్య గారి పుస్తకం. దాన్ని ఈ హడావిడిలో కలపొద్దండి, నా మాట వినండి. మిగతావి పాడైతే మళ్ళీ చేసుకోవచ్చు, అది చేసుకోలేం. ఇప్పటికి శుభ్రమైన తెల్ల కాగితంలో చుట్టి నూలు టేపుతో కట్టి బీరువాలో పెట్టండి, పెళ్ళయ్యాక తీరిగ్గా చేద్దురు గాని. సెల్లోటేప్ వద్దు, ఫెవికాల్ అసలు వద్దు, ఆరాక ఊడి రాదు, లాగితే కాగితమే చిరుగుతుంది. ఉడికించిన మైదా జిగురైతే తడి తగిలితే వదులుతుంది, రేపు ఇంకెవరైనా బాగుచెయ్యాలన్నా వీలుంటుంది.

ప్రశ్న: మైదా లై రెండ్రోజులకే వాసనొస్తుంది. బైండింగ్ షాపుల్ల మైలుతుత్తం కలుపుతరు కదా, నేను గూడ కలపొచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఇంట్లో వద్దండి, అది విషం, పిల్లలుంటే ఇంకా ప్రమాదం. కాగితానికీ మంచిది కాదు. ఆ పూటకి సరిపడా కొంచెమే ఉడికించుకోండి, ఉండలు లేకుండా వడకట్టండి, మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి, లోపలేముందో మూత మీద పెద్ద అక్షరాలతో రాయండి. వాసనొస్తే పారబొయ్యడమే.

ప్రశ్న: నేను కుట్టిన నోట్‌బుక్ పేజీలు తిప్పితే బిర్రుగా లేస్తున్నాయి, పడుకోవట్లేదు. పేపర్ మందం తగ్గించాలా? హ్యాండ్‌మేడ్ పేపర్ వాడితే నయమా?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మందం కంటే ముందు గ్రెయిన్ చూడండి. మిషన్ పేపర్‌లో పీచు ఎక్కువగా ఒకే దిశలో ఉంటుంది, ఆ దిశనే గ్రెయిన్ అంటారు, అది వీపుకి సమాంతరంగా రావాలి, అడ్డంగా వస్తే మీరు చెప్పినట్టే అవుతుంది. షీటుని మడత పడకుండా అటోసారి ఇటోసారి వంచి చూడండి, ఏ వైపు తేలిగ్గా వంగితే ఆ వంపు వెంబడే గ్రెయిన్. ఎ4 షీట్లలో చాలావాటికి గ్రెయిన్ పొడుగు వైపే ఉంటుంది, వాటిని మధ్యకి మడిచి ఎ5 నోట్‌బుక్ చేస్తే అడ్డంగానే వస్తుంది, మీదీ బహుశా అదే అయ్యుంటుంది. పెద్ద షీట్లు కొని దిశ చూసి కోయించుకోండి.

హ్యాండ్‌మేడ్ పేపర్‌లో ఈ గోల తక్కువ, చేత్తో ఎత్తిన షీటులో పీచు అన్ని వైపులా పడుతుంది. జైపూర్ దగ్గర సంగనేర్‌లోనూ, పాండిచ్చేరిలోనూ నూలు గుడ్డ పేలికలతో చేసేవి చాలా బాగుంటాయి. లోపలి పేజీలకి 100 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువో ఆ లెక్క) దరిదాపుల్లో అడగండి, మందం షీట్లు అట్టలకి వాడండి.