పదిరోజుల జొన్నరొట్టె, పద్నాలుగేళ్ల పిజ్జా

ప్రశ్న: మేడమ్, నాకు 44 ఏళ్లు, 14 ఏళ్లుగా డాలస్‌లో ఉంటున్నాను. పొద్దున సీరియల్, మధ్యాహ్నం శాండ్‌విచ్, రాత్రికి చికెనో పిజ్జానో. ఈమధ్య పేగుల్లోని బ్యాక్టీరియా టెస్టు చేయిస్తే 'బ్యాక్టీరాయిడిస్ రకం' అని వచ్చింది, అంటే ఆ పేరున్న బ్యాక్టీరియా ఎక్కువట. పదిరోజులు పట్టుబట్టి జొన్నరొట్టె, పప్పు, ఆకుకూరలు తిని మళ్లీ శాంపిల్ పంపితే మళ్లీ అదే రకం! పైగా కడుపంతా గ్యాస్. ఇదంతా దండగేనా? అమ్మేమో రోజూ పెరుగన్నం తింటే చాలంటుంది.

జవాబు: దండగేం కాదు గానీ, పదిరోజులకే రిపోర్టు మారిపోవాలంటే ఎలాగండీ? 2011లో పెన్సిల్వేనియా యూనివర్సిటీ వాళ్లు 98 మందిని తీసుకుని, ఏళ్ల తరబడి ఏం తింటున్నారో అడిగి, మలం కూడా పరీక్షించారు. మాంసకృత్తులు, జంతువుల కొవ్వు ఎక్కువ తినేవాళ్లలో బ్యాక్టీరాయిడిస్, పిండిపదార్థాలు ఎక్కువ తినేవాళ్లలో ప్రివోటెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా ఎక్కువగా కనిపించాయి. తర్వాత పదిమందిని ఒకేచోట ఉంచి పదిరోజులపాటు తాము పెట్టిందే తినిపించారు. ఒక్కరోజులోనే కొంత మార్పు కనిపించింది, కానీ పదిరోజులైనా ఎవరి రకం వాళ్లదే. అచ్చం మీ కథే.

మీకు దగ్గరగా ఉండే సంగతి ఇంకోటి ఉంది. థాయిలాండ్‌లోనే ఉంటున్న, అక్కడి నుంచి అమెరికా వెళ్లిన మోంగ్, కరెన్ తెగల ఆడవాళ్లను, అమెరికాలో పుట్టిన తర్వాతి తరం వాళ్లను కూడా కలిపి 500 మందికి పైగా పరిశీలిస్తే (2018లో వచ్చింది ఆ పరిశోధన) అమెరికా వెళ్లిన కొన్ని నెలల్లోనే ప్రివోటెల్లా తగ్గడం, బ్యాక్టీరాయిడిస్ పెరగడం మొదలైంది, ఏళ్లు గడిచేకొద్దీ అది ఇంకా ముదిరింది. తిండి ఒక్కటే కారణం కాదనుకోండి.

మనకు అరగని పీచు పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లం లాంటివి తయారుచేస్తుంది, పేగు లోపలి పొరలోని కణాలకు అదే మేత. పీచు తినే బ్యాక్టీరియాకు ఏళ్లపాటు తిండి పెట్టకపోతే బక్కచిక్కిపోదా మరి! గ్యాస్ కూడా ఆ పులియడం వల్లే వస్తుంది. మీరు ఒక్కసారిగా మీద పడ్డారు. రోజూ ఒకపూట పప్పో అలసందలో గోరుచిక్కుడో తింటూ, నీళ్లు బాగా తాగుతూ, వారాల మీద మెల్లగా పెంచండి. అమ్మగారి పెరుగన్నం మానొద్దు, కానీ పెరుగులోని బ్యాక్టీరియా చాలావరకు చుట్టపుచూపుగా వచ్చిపోయేదే. అందులో పీచు ఉండదు, పక్కన కూర కూడా ఉండాలి.

మూడో టెస్టుకు మాత్రం డబ్బులు పెట్టకండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో రెండు రకాలూ ఉంటాయి, బ్యాక్టీరాయిడిస్ అంటే జబ్బు కాదు, టెన్షన్ వద్దు. అయితే గ్యాస్ తగ్గకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, మలంలో రక్తం కనిపించినా డాక్టర్‌కి చూపించుకోండి.