మెదడులో ఏ భాగం ఏ పని చేస్తుంది? దెబ్బతింటే ఏమవుతుంది?

పెద్దవాళ్ల మెదడు సుమారు 1.3 నుంచి 1.4 కిలోలుంటుంది. ఒంటి బరువులో 2 శాతమే అయినా, శరీరం వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. అందుకే రక్తం పూర్తిగా ఆగితే 10 సెకన్లకల్లా స్పృహ తప్పుతుంది.

ముడతలు ముడతలుగా పైన కనిపించేది పెద్ద మెదడు. నుదుటి వెనక భాగం ఆలోచన, నిర్ణయం, కదలికలు చూసుకుంటుంది. నడినెత్తి కిందిది స్పర్శను, కణతల దగ్గరిది వినికిడిని, జ్ఞాపకాన్ని, తల వెనకది చూపును. కళ్లు బాగానే ఉన్నా ఆ వెనక భాగం పాడైతే చూపు పోతుంది. ఎడమ సగం కుడి చేతిని నడుపుతుంది, మాట కూడా ఎక్కువమందిలో ఎడమవైపే. కాబట్టి ఉన్నట్టుండి కుడి చెయ్యి పడిపోయి మాట తడబడితే మెదడు ఎడమ సగంలో స్ట్రోక్ (పక్షవాతం) వచ్చిందేమోనని అనుమానించాలి. నిమిషం కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చిన్న మెదడును చాలామంది తక్కువగా చూస్తారు, అది తప్పు. బరువులో పదో వంతే గానీ మెదడులోని నాడీకణాల్లో సగానికి పైగా ఇక్కడే ఉన్నాయి. ఇది కదలికను మొదలుపెట్టదు, సరిదిద్దుతుంది. ఇది దెబ్బతిన్న మనిషిని ముక్కు కొన తాకమంటే, వేలు దగ్గరికొచ్చేకొద్దీ వణుకుతూ పక్కకు పోతుంది. చేతిలో బలం మాత్రం తగ్గదు.

అడుగున, వెన్నుపాము మొదలయ్యే చోట మజ్జాముఖం ఉంటుంది. శ్వాస, గుండె వేగం, రక్తపోటు దీని చేతిలోనే. ఇక్కడ చిన్న గాయమైనా ప్రాణాంతకం కావచ్చు.