కరేబియన్‌లో స్నార్కెలింగ్‌కి ఏ దీవి మంచిది? సెయింట్ జాన్, బొనైర్, బెలీజ్, కేమన్, కోజుమెల్ పోలిక

మీ ప్రశ్న ఇదీ: అమెరికా నుంచి డిసెంబరు సెలవుల్లో వారం రోజులు, ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు, ఒకరికి ఈత అంతంతమాత్రం, స్నార్కెలింగ్‌కి (మాస్కు, గాలి గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ కిందికి చూడటం) పైన చెప్పిన ఐదింటిలో ఎక్కడికి వెళ్లాలి? మీకైతే సెయింట్ జాన్. అందరికీ ఈత బాగా వచ్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లలోనే ఉండాలనుకుంటే బొనైర్. సొరచేపలు, టేకు చేపలు (స్టింగ్‌రేలు) దగ్గరగా చూడాలనే కోరిక ఉంటే బెలీజ్. మిగతా రెండూ ప్రత్యేకమైన కారణం ఉంటేనే.

అసలు దీవి పేరు కన్నా ఆ రోజు దీవికి ఏ పక్కన దిగుతున్నారన్నదే ముఖ్యం. కరేబియన్‌లో దాదాపు ఏడాది పొడవునా గాలి తూర్పు నుంచి వీస్తుంది. తూర్పు ఒడ్డున అలలు విరుగుతూ ఇసుక రేగి నీళ్లు మసకగా ఉంటాయి. పడమటి ఒడ్డు గాలిచాటు కాబట్టి చాలా రోజులు చెరువులా ఉంటుంది. పేరున్న చోట్లు ఎక్కువగా పడమట ఉండటానికి కారణం ఇదే. డిసెంబరు నుంచి మార్చి దాకా ఇంకో చిక్కు ఉంది. ఉత్తర అట్లాంటిక్‌లో ఎక్కడో పుట్టిన తుపాను అలలు, ఇక్కడ గాలి లేకపోయినా, ఉత్తరపు ఒడ్డులకు వచ్చి తగులుతాయి. అందుకని ముందురోజు రాత్రి విండీ లాంటి యాప్‌లో గాలి వేగం, అలల దిశ రెండూ చూసుకోండి. గాలి 10 నాట్ల లోపు ఉంటే పెద్ద ఇబ్బంది ఉండదు. 15 దాటితే గాలిచాటు వైపే దిగాలి. 20 దాటిన రోజు పడవ ట్రిప్పు మానుకోండి. డబ్బు కట్టేశాం కదా అని వెళితే సగంమంది వాంతులతో పడవలోనే ఉండిపోతారు. మధ్యాహ్నానికి గాలి పెరగడం మామూలే, కాబట్టి ఎక్కడైనా ఉదయం 8 నుంచి 11 లోపు నీళ్లలో ఉండేలా చూసుకోండి.

సెయింట్ జాన్ యూఎస్ వర్జిన్ దీవుల్లోది. సగానికి పైగా నేషనల్ పార్కే. విమానం సెయింట్ థామస్‌లో దిగుతుంది, అక్కడ రెడ్ హుక్ నుంచి క్రూజ్ బేకి ఫెర్రీలో సుమారు 20 నిమిషాలు. కారు అమెరికాలో మాదిరే ఎడమ స్టీరింగ్, కానీ రోడ్డుకు ఎడమ పక్కన నడపాలి. కొండ మలుపుల్లో మొదటి రోజు నిదానంగా వెళ్లండి.

ఈత రానివారిని, పిల్లలను ముందు మాహో బేకి తీసుకెళ్లండి. ఇసుక అడుగు, చాలాదూరం లోతు తక్కువ, మధ్యలో సముద్రపు గడ్డి. ఆ గడ్డి తినడానికి పచ్చ తాబేళ్లు వస్తాయి. వాటి వెంట పడకుండా ఒకచోట కదలకుండా తేలి ఉంటే గాలి పీల్చుకోవడానికి అవే మీ పక్కన పైకొస్తాయి. ట్రంక్ బేలో నీళ్ల కింద వివరాల పలకలు పెట్టిన చిన్న బాట ఉంటుంది. ప్రవేశ రుసుము ఉంది. నేర్చుకోవడానికి మంచి చోటే గాని, అక్కడి పగడాలు మనుషుల తాకిడికి, 2017 నాటి ఇర్మా, మరియా తుపానులకు బాగా దెబ్బతిన్నాయి. క్రూజ్ షిప్పుల జనం కూడా అక్కడికే వస్తారు. పొద్దున 9 లోపు వెళ్లి, జనం దిగేసరికి బయటపడటం మేలు.

దీవిలో నిజమైన స్నార్కెలింగ్ వాటర్‌లెమన్ కే దగ్గర. లీన్‌స్టర్ బే బాట మీద ఒడ్డు వెంట మైలు దాకా నడిచి, అక్కడి నుంచి ఎదురుగా ఉన్న చిన్న దిబ్బకు ఈదాలి. ఆ మధ్య కాలువలో ఒక్కోసారి ప్రవాహం గట్టిగా ఉంటుంది. ఈత అంతంతమాత్రం వచ్చినవారు ఇవతల సముద్రపు గడ్డి ఉన్నచోటే ఆగిపోవాలి. ఇక ఉత్తరపు అలలు వచ్చిన రోజున ఉత్తరపు ఒడ్డునున్న ట్రంక్, సినమన్ బేలు రెండూ వదిలేసి దక్షిణాన సాల్ట్ పాండ్ బే, లామెషర్ బేలకు వెళ్లండి. డిసెంబరులో ఈ మార్పు ఒక్కసారైనా చేయాల్సి రావచ్చు. రెండు వైపులా అరగంట డ్రైవ్‌లో ఉండటమే ఈ దీవికి నేను మొదటి మార్కు వేయడానికి కారణం.

మనవాళ్లకు ఇంకో లాభం. ఇది అమెరికా భూభాగమే కాబట్టి హెచ్-1బీ, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు ఇక్కడికి వస్తే దేశం దాటినట్టు కాదు. అయినా తిరిగి వచ్చేటప్పుడు సెయింట్ థామస్ విమానాశ్రయంలో సీబీపీ (అమెరికా కస్టమ్స్, సరిహద్దు విభాగం) తనిఖీ ఉంటుంది. పాస్‌పోర్టు, ఐ-94, ఐ-797 లేదా ఐ-20 వెంట పెట్టుకోండి. మిగతావేవీ అమెరికా భూభాగం కావు. పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు తీరిన హెచ్-1బీ వాళ్లకు బెలీజ్, కేమన్, బొనైర్ నుంచి తిరిగి రావడానికి కొత్త స్టాంపింగ్ కావాలి. 30 రోజుల లోపు ప్రయాణానికి ఆటోమేటిక్ రీవాలిడేషన్ (గడువు తీరిన వీసాతోనే తిరిగి రానిచ్చే వెసులుబాటు) హెచ్-1బీకి కెనడా, మెక్సికోలకే వర్తిస్తుంది. అంటే ఈ జాబితాలో మెక్సికోలోని కోజుమెల్ ఒక్కటే. దానికీ ఐ-94 చెల్లుబాటులో ఉండాలి, అక్కడ ఉండగా కొత్త వీసాకు అప్లై చేయకూడదు.

బొనైర్ సంగతి వేరు. ఇక్కడ పడవ అక్కర్లేదు, గైడ్ అక్కర్లేదు, టైమింగ్స్ లేవు. పడమటి ఒడ్డు రోడ్డు వెంట పసుపు రంగు వేసిన రాళ్ల మీద చోటు పేరు రాసి ఉంటుంది. పికప్ ఆపి దిగడమే. ఒడ్డు నుంచి కొన్ని పదుల మీటర్లు ఇసుక, పగడపు ముక్కలు కలిసిన లోతు తక్కువ అడుగు, దాని అంచున 8 నుంచి 10 మీటర్ల లోతులో రీఫ్ (పగడాల దిబ్బ) ఏటవాలుగా కిందికి దిగుతుంది. ఆ అంచు మీద తేలుతూ కిందికి చూడాలి. చాలామంది ఒడ్డు దగ్గరే తిరిగి, ఇంతేనా అని బయటికొచ్చేస్తారు. ఇంకొంచెం ముందుకు వెళితే చేపలన్నీ అక్కడే ఉంటాయి.

దక్షిణాన సాల్ట్ పియర్ (ఓడల్లోకి ఉప్పు ఎక్కించే వంతెన) స్తంభాల చుట్టూ చేపలు గుంపులుగా ఉంటాయి, కానీ ఉప్పు ఓడ వచ్చి ఆగితే దిగనివ్వరు. ఉత్తరాన థౌజండ్ స్టెప్స్ పేరు విని భయపడకండి, నిజానికి 70 మెట్లు కూడా లేవు. ఎండలో తిరిగి ఎక్కేటప్పుడు మాత్రం పేరు సరైనదే అనిపిస్తుంది. అన్నిటికన్నా మంచిది ఎదురుగా ఉన్న చిన్న దీవి క్లెయిన్ బొనైర్. బొనైర్ ముఖ్యపట్టణం క్రాలెన్‌డైక్ నుంచి వాటర్ టాక్సీలో వెళ్లి, ప్రవాహానికి ఎగువన దిగి, నో నేమ్ బీచ్ దాకా అంచు వెంట తేలుతూ రావాలి. ప్రవాహం దిశ ఏటో ఆ రోజు పడవవాళ్లనే అడగండి. ఆ దీవిలో నీడ పెద్దగా లేదు, దుకాణం లేదు. మనిషికి 2 లీటర్ల మంచినీళ్లు తీసుకెళ్లాలి.

బొనైర్‌లో ఇబ్బంది పెట్టేది నీళ్లలోకి దిగడం. చాలా చోట్ల ఇసుక బీచ్ ఉండదు. అలకు కదిలే పగడపు రాళ్ల మీద నడవాలి. వట్టికాళ్లకు తొడిగే ఫిన్స్ (ఈదడానికి పాదాలకు వేసుకునే రెక్కలు) ఇక్కడ పనికిరావు. గట్టి అడుగున్న బూటీలు, వాటి మీద వెనక పట్టీ ఉన్న ఫిన్స్ తెచ్చుకోండి. నడుము లోతు వచ్చేదాకా ఫిన్స్ చేతిలో పట్టుకుని, తర్వాత ఒకరి భుజం ఒకరు పట్టుకుని తొడుక్కోవాలి. పికప్‌లో విలువైనవేమీ ఉంచకండి. చిన్న దొంగతనాలు మామూలే, అందుకే అక్కడివాళ్లు బండి తాళం కూడా వేయరు, లేకపోతే అద్దం పగులుతుంది. మెరైన్ పార్కు 1979 నుంచి ఉంది. నేచర్ ఫీ ఆన్‌లైన్‌లో కట్టి రసీదు ఫోన్లో పెట్టుకోండి. గ్లోవ్స్ నిషేధం, చెయ్యి ఆనించే ఆలోచనే రాకూడదని. హరికేన్ల దారికి దక్షిణాన ఉంది కాబట్టి సెప్టెంబరులోనూ వెళ్లొచ్చు. ఉత్తరాన ఎక్కడైనా పెద్ద తుపాను దాటుతున్నప్పుడు మాత్రం గాలి తిరగబడి పడమటి ఒడ్డే కల్లోలమవుతుంది.

బొనైర్ లాంటి డచ్ దీవుల్లోనే తేలికైనది కావాలంటే పక్కనున్న కురసావ్. ప్లాయా లాగున్ రెండు కొండల మధ్య చిన్న ఇసుక బీచ్, పిల్లలకు బాగుంటుంది. కారకాస్ బేలో మునిగిన టగ్‌బోటు 5 మీటర్ల లోతులోనే ఉంది, పైనుంచే మొత్తం కనిపిస్తుంది.

బెలీజ్‌లో ఒడ్డు నుంచి దిగి చూసేది పెద్దగా లేదు. ఈ మాట ముందే తెలియక అంబర్‌గ్రిస్ కే దీవిలోని శాన్ పెద్రోలో బీచ్ హోటల్ తీసుకుని నిరాశపడేవాళ్లున్నారు. ఒడ్డు దగ్గర గడ్డి, డాకులు, వేగంగా తిరిగే పడవలు. రీఫ్ కంటికి కనిపిస్తోంది కదా అని ఈదుకుంటూ వెళ్లడం చాలా ప్రమాదం. పడవ నడిపేవాడికి నీళ్లలో ఉన్న తల కనపడదు. పద్ధతి ఏమిటంటే, లైసెన్సున్న గైడ్‌తో హోల్ చాన్ మెరైన్ రిజర్వుకు సగం రోజు ట్రిప్పు. ఇది 1987లో ఏర్పడింది. రీఫ్‌లో ఉన్న ఒక సందు, లోతు సుమారు 9 మీటర్లు. ఆటు సమయంలో నీళ్లు ఆ సందు గుండా బయటి సముద్రంలోకి లాగుతాయి. ఆ గంటలు తప్పించే ట్రిప్పు ఏదని అడిగి బుక్ చేసుకోండి. తర్వాత షార్క్ రే అల్లీ. ఒకప్పుడు జాలర్లు చేపలు శుభ్రం చేసిన చోటు కావడంతో నర్స్ షార్కులు, టేకు చేపలు గుమికూడటం అలవాటైంది. మనుషుల జోలికి రావు, కానీ ఎర వేసేటప్పుడు చేతులు దగ్గరగా పెట్టుకోండి. ఒక గైడ్‌కు ఎంతమందో కనుక్కోండి. ఆరుగురికి మించితే వెనకబడ్డవాళ్లను చూసేవాళ్లుండరు. ఈత రానివారికి గైడ్ రింగు పట్టుకుని లాగుతాడు, అదొక సౌకర్యం.

బ్లూ హోల్‌కు (సముద్రం మధ్య గుండ్రటి లోతైన గుంట) స్నార్కెలింగ్ కోసం వెళ్లకండి. అది 124 మీటర్ల లోతు, పైనుంచి చూస్తే కింద చీకటి. అంచున కొంత పగడం తప్ప కనిపించేది లేదు, దానికోసం పోనూ రానూ గంటల తరబడి ఎగిరిపడే పడవ. ఫొటోల్లో ఉన్న అందం విమానంలోంచి తీసింది. వాతావరణానికి ఫిబ్రవరి నుంచి మే దాకా మంచిది, డిసెంబరులో చలిగాలులు వచ్చి రెండుమూడు రోజులు ట్రిప్పులు ఆగిపోతుంటాయి.

గ్రాండ్ కేమన్ ఖరీదైనది, కానీ సదుపాయాలు బాగుంటాయి. స్టింగ్‌రే సిటీ శాండ్‌బార్‌లో నడుము లోతులో నిలబడే టేకు చేపల్ని చూడొచ్చు. కాళ్లు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడుస్తూ నడవాలి, తొక్కితేనే ముల్లు గుచ్చుతుంది. క్రూజ్ షిప్పులు ఎన్ని వస్తున్నాయో పోర్టు షెడ్యూల్‌లో చూసి, లేని రోజున వెళ్లండి. ఒడ్డు నుంచైతే జార్జ్‌టౌన్‌లో ఈడెన్ రాక్, నిచ్చెన మెట్ల మీదుగా దిగడం. శీతాకాలంలో వాయవ్యపు గాలి వస్తే ఇవన్నీ మూతపడినట్టే. అప్పుడు దక్షిణాన స్పాట్స్ బీచ్‌లో తాబేళ్లను చూడొచ్చు.

కోజుమెల్‌లో ప్రవాహమే బండి. పడవ ఒకచోట దింపి, ఇంకోచోట ఎక్కించుకుంటుంది. ఈత అంతంతమాత్రం వచ్చినవారికి ఎల్ సియెలో ఇసుక తిన్నె వరకే. అక్కడి నక్షత్ర చేపల్ని ఫొటోకోసం నీళ్లపైకి ఎత్తితే చచ్చిపోతాయి.

ఇక ఎక్కడికెళ్లినా పాత ఫొటోలు చూసి ఆశ పెంచుకోకండి. 2023 వేడికి కరేబియన్ అంతటా పగడాలు తెల్లబడ్డాయి. దానికి తోడు రాతి పగడాలను తినేసే తెగులు 2014లో ఫ్లోరిడాలో మొదలై దీవులన్నిటికీ పాకుతోంది. చేపలు, తాబేళ్లు, సముద్రపు విసనకర్రలు (విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్ పగడాలు) బాగానే ఉన్నాయి. పెద్ద పెద్ద మెదడు పగడాలు మాత్రం చాలా చోట్ల లేవు.

సామానులో మాస్కు ఒక్కటి సొంతది కొనండి, మిగతావి అద్దెకు దొరుకుతాయి. పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి లాగండి. చెయ్యి వదిలినా పడకుండా ఉంటే అది మీ కొలత. నీళ్లు కారుతుంటే పట్టీ బిగించకండి, బిగిస్తే అంచు మడతపడి ఇంకా కారుతుంది. అంచు కింద వెంట్రుకలున్నాయేమో చూడండి. మీసాలున్నవాళ్లు ముక్కు కింద సన్నటి గీత మేర కత్తిరించి, అక్కడ సిలికాన్ గ్రీజు రాస్తే సరిపోతుంది. కొత్త మాస్కు గాజు లోపలి వైపు తయారీలో అంటిన పొర ఉంటుంది, అది పోకపోతే ఏం చేసినా ఆవిరి పడుతుంది. తెల్ల టూత్‌పేస్టుతో వేలితో రుద్ది రెండుమూడు సార్లు కడగండి. దిగే ముందు ఒక చుక్క బేబీ షాంపూ రాసి, ఒక్కసారి ముంచి తీయండి. కళ్లజోడు ఉన్నవాళ్లకు పవరు అద్దాల మాస్కులు అర పాయింటు తేడాలతో దొరుకుతాయి. నీళ్లలో అన్నీ మూడోవంతు పెద్దగా కనిపిస్తాయి కాబట్టి కాస్త తక్కువ పవరైనా ఫర్వాలేదు. ముఖమంతా కప్పే మాస్కులు పిల్లలకు కొనకండి. నాసిరకం వాటిలో వదిలిన గాలే మళ్లీ పీల్చాల్సి వస్తుంది, పైగా కంగారులో ఊడదీయడం కష్టం.

వర్జిన్ దీవుల్లో ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్, ఆక్టోక్రిలిన్ ఉన్న సన్‌స్క్రీన్లు నిషేధం. జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనండి. అంతకన్నా పొడుగు చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా), లెగ్గింగ్స్ వేసుకుంటే రాసుకోవాల్సింది మెడ, చెవులకే. డిసెంబరు నీళ్లు 27 డిగ్రీల దాకా ఉంటాయి, అయినా సన్నటి పిల్లలకు ముప్పావుగంటకే వణుకొస్తుంది. వాళ్లకు 2 మిల్లీమీటర్ల వెట్‌సూటు పెట్టండి.

ఈత అంతంతమాత్రం వచ్చినవారికి నోటితో ఊదే స్నార్కెల్ వెస్టు కొని, మొదటి రోజు ఛాతీ లోతులో నిలబడి మూడు పనులు చేయించండి: ట్యూబులోకి నీళ్లు పోనిచ్చి గట్టిగా ఊది బయటికి పంపడం, మాస్కులోకి వచ్చిన నీళ్లు తల ఎత్తి అంచు లేపి వదిలేయడం, వెల్లకిలా తిరిగి తేలడం. ఈ మూడోది రాకపోతే లోతుకు తీసుకెళ్లకండి. దిగిన చోటికే తిరిగి రావాలంటే ఎప్పుడూ ప్రవాహానికి ఎదురుగా మొదలుపెట్టండి, అలిసిపోయాక అదే మిమ్మల్ని వెనక్కి తెస్తుంది. ఒడ్డున ఒక గుర్తు చూసుకుని, ఐదు నిమిషాలకోసారి తల ఎత్తి చూడండి. ఊపిరి బిగబట్టి నీళ్ల కిందికి డైవ్ కొట్టే ముందు గబగబా దీర్ఘశ్వాసలు తీయనివ్వకండి, టీనేజ్ పిల్లలు పందేలు పెట్టుకుని చేసే పని ఇదే. ఊపిరాడటం లేదన్న హెచ్చరిక రాకుండానే స్పృహ తప్పుతుంది, పక్కన చూసేవాళ్లు లేకపోతే అంతే.