పాత సామాను, ఇంటి చెత్త తీసుకెళ్లేవారిని ఎలా ఎంచుకోవాలి?

ఇంట్లో పేరుకున్న పాత సామాను తీసుకెళ్లేవారిని కుదుర్చుకునేటప్పుడు ఏమేమి చూడాలని మీరు అడిగారు. ధర కంటే ముందు, ఆ సామాను చివరికి ఎక్కడికి చేరుతుందో అడగండి. అనుమతి ఉన్న చెత్త కేంద్రానికో రీసైక్లింగ్ కేంద్రానికో చేర్చి, అక్కడిచ్చే రసీదు చూపగలిగినవారినే నేను నమ్ముతాను. ఎందుకంటే రోడ్డు పక్కన పారబోసిన సంచిలో మీ చిరునామా ఉన్న ఉత్తరం దొరికితే, మొదట జవాబు చెప్పుకోవలసింది మీరే.

ఛార్జీని చాలావరకు వాహనంలో సామాను ఆక్రమించే చోటును బట్టి లెక్కగడతారు. మట్టి, ఇటుకలు, పెంకులు కొద్ది చోటులోనే ఎంతో బరువు తూగుతాయి కనుక వాటికి వేరే ధర ఉండవచ్చు. మెట్ల మీదుగా దించడానికి, బీరువా విడదీయడానికి అదనంగా అడుగుతారా అన్నది, సామానంతా చూపించి, ముందే రాతపూర్వకంగా తేల్చుకోవడం మంచిది.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది ప్రమాదకరమైన వస్తువుల విషయంలో. పాత ఫ్రిజ్‌లోని వాయువును శిక్షణ పొందినవారే బయటకు తీయాలి. ట్యూబులైట్లు పగిలితే పాదరసం బయటపడుతుంది. లిథియం బ్యాటరీలు చెత్త బండిలో నలిగితే మంటలు లేస్తాయి. ఆ ప్రమాదం మోసేది బండి మీద పనిచేసే కార్మికులు. కాబట్టి బ్యాటరీ ఉన్న ఫోన్లను, బొమ్మలను తప్పనిసరిగా విడిగా అప్పగించండి.

రోజువారీ చెత్తకైతే, ఏయే రోజుల్లో వస్తారో, తడి చెత్తను, పొడి చెత్తను వేర్వేరుగానే తీసుకెళ్తారో లేదో కనుక్కుంటే చాలు.