ఎన్నారై సందేహాలు: చిల్లరలో వచ్చిన వింత క్వార్టర్

"అన్నా, మాది కావలి. టెక్సాస్ వచ్చి రెండు నెలలైంది, ఊళ్లో అప్పుంది. లాండ్రీ చిల్లరలో అంచు లోపలికి ముడుచుకున్న క్వార్టర్ (25 సెంట్ల నాణెం) ఒకటి, రాగి రంగుది ఇంకొకటి వచ్చాయి. ఇలాంటివి వేల డాలర్లు పలుకుతాయని వీడియోల్లో చెప్తున్నారు. నిజమేనా?"

తమ్ముడూ, ఫోటోలు పెద్దవి చేసి చూశాను. మొదటిది నాణేలు కొట్టే మింట్‌లో జరిగిన తప్పు కాదు, డ్రయ్యర్ దెబ్బ. జేబులోంచి జారిన నాణెం డ్రమ్ము సందులో ఇరుక్కుంటే, ఎవరూ తీయకపోతే అలా దొర్లుతూనే ఉంటుంది. అంచు నలిగి మందమై లోపలికి తిరుగుతుంది, అంచు పక్కన ఉన్న అక్షరాలు ఆ మడత కిందికి పోతాయి. దాని విలువ 25 సెంట్లే.

కొత్తగా వచ్చినవాళ్లందరికీ ఈ ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. ఒక షాపులో చిల్లరగా 1943 నాటి పెన్నీ, అంటే ఒక సెంటు నాణెం, వచ్చింది, రాగి రంగులో. ఆ ఏడాది రాగి యుద్ధానికి కావాల్సి వచ్చి పెన్నీలను జింకు పూత వేసిన ఉక్కుతో కొట్టారు. పొరపాటున రాగి మిశ్రమంతో పడినవి కొన్నే, వాటికి లక్షల డాలర్లు పలికాయి. అంతవరకే చదివి కందుకూరులో నాన్నకు ఫోన్ చేశాను, రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీరిపోతుందని చెప్పేశాను. ఆ రోజు జీతం వదులుకుని నాణేల షాపుకు పోయాను. పెద్దాయన భూతద్దం కూడా తీయలేదు. సొరుగులోంచి అయస్కాంతం తీసి దగ్గర పెట్టాడు, పెన్నీ టక్కున అతుక్కుంది. ఉక్కు నాణేనికి తర్వాతెవరో రాగి పూత వేశారు. నాన్నకు మళ్లీ ఫోన్ చేయడానికి వారం పట్టింది. ఆ అప్పు తర్వాత జీతంలోంచే తీర్చాను, నువ్వూ తీరుస్తావు.

రెండోదాన్ని తూకం వెయ్యి. 1965 నుంచి క్వార్టర్ అంటే మధ్యలో రాగి, పైనా కిందా రాగి నికెల్ మిశ్రమం పొర, బరువు 5.67 గ్రాములు. ఒక పక్క పొర నిజంగానే లేకుండా పుట్టి ఉంటే దాదాపు గ్రాము తగ్గాలి. బరువు సరిపోతే మట్టిలో ఉండో మరోలానో తర్వాత రంగు మారిందన్నమాట. గీతలుంటే గోటితో తడుము. మింట్‌లో నాణెం కొట్టే అచ్చు పగిలితే గీత ఉబ్బెత్తుగా లేస్తుంది, బయట తగిలిన దెబ్బలు ఎక్కువగా గుంటలే. ఇంట్లో ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు మాత్రం పెట్టొద్దు. అసలు నాణెమైనా తోమితే కొనేవాళ్లు ధర తగ్గిస్తారు.

అదృష్టమే ఉండదని నేననను. 1786లో మన నెల్లూరు దగ్గర రైతు పొలం దున్నుతుంటే కుండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. కానీ నీకు నెలనెలా అద్దె ఉంది, ఊళ్లో వడ్డీ పెరుగుతోంది. అమ్మితే పన్ను సంగతి ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉంటుంది, చూసుకో. తూకం ఎంత వచ్చిందో రాయి. అప్పటిదాకా వీడియోల వాళ్లు అడిగే గ్రేడింగ్ (నాణెం అసలుదా, ఏ స్థితిలో ఉందో తేల్చే పరీక్ష) ఫీజు ఒక్క డాలర్ కూడా కట్టొద్దు.